శుక్రవారం గడ్డి

ఆరేళ్లుగా నా లోపల ఒక వాక్యం ఉంది. ఆరే మాటలు. ఎన్నిసార్లు విప్పి చూసినా అందులో ఒక్క అబద్ధం కనిపించదు. అబద్ధమే అయ్యుంటే ఈపాటికి ఎవరి ముందో ఒకరి ముందు దాన్ని వెనక్కి తీసుకునేదాన్నేమో. నిజమే కదా చెప్పాను అని నాకు నేను సర్దిచెప్పుకునే వీలున్న మాట కాబట్టే అది ఇంతకాలం కదలకుండా కూర్చుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ఎదురుగా మనిషి ఉంటే నాకు గొంతు పెగలదు. చిన్నప్పటినుంచీ అంతే. బళ్లో హాజరు పిలిచినప్పుడు నేను పలికింది టీచరుకు వినబడక, బెంచీలో కూర్చుని ఉండగానే ఆబ్సెంట్ పడిన రోజులున్నాయి. ఇంటికొచ్చి డైరీలో మాత్రం పేజీలు నింపేదాన్ని. పుస్తకాలు, డైరీ. నా మాటలన్నీ వాటి మధ్యే. అచ్చులో ఉన్నదంటే నిజమే అయ్యుంటుందన్న నమ్మకం కూడా అప్పటిదే. అంత నమ్మకం ఉన్న నేనే ఒక అబద్ధాన్ని అచ్చు వేయించాను. ఆ సంగతికి వస్తాను. వరసగానే చెప్పాలి. లేకపోతే మధ్యలో ఏదో ఒక సందు చూసుకుని తప్పుకుంటాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఎమ్మెస్సీ చివరి ఏడాది. పద్మారావు నగర్‌లో మా ఇంటినుంచి రెండు బస్సులు మారి కాలేజీ వాళ్ల కుందేళ్ల షెడ్డుకు వెళ్లేదాన్ని. పొడుగాటి రేకుల షెడ్డు. లోపల రెండు వరసల ఇనప బోనులు, పైన నాలుగు ఫ్యాన్లు. తలుపు తీయగానే ఎండుగడ్డి వాసన, దాని కిందనుంచి ఉచ్చ ఘాటు. మొదటి వారం అన్నం సహించలేదు. తర్వాత ఆ వాసన నా చున్నీలకు పట్టేసింది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు ఎగబీలిస్తే కిటికీ వైపు తిరిగేదాన్ని.

నా పని వినడానికి నవ్వులాటగా ఉంటుంది. కుందేలు పెంటికలు ఏరడం. ఏరి, సీసాల్లో పెట్టి, మంచుపెట్టెలో దాచి, పరీక్షకు పంపడం. కుందేలు పొట్టలో చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట ఒక పెద్ద సంచి ఉంటుంది. గడ్డిలోని పీచును కుందేలు తనంతట తాను అరిగించుకోలేదు. ఆ సంచిలో కాపురముండే కోట్ల సూక్ష్మజీవులే ఆ పని చేసి పెడతాయి. పుట్టిన పిల్లకు అవి దాదాపు ఉండవు. తల్లి గూట్లో వదిలే పెంటికల్ని కొరికి పిల్లలు వాటిని తెచ్చుకుంటాయి. పాలు మానేసి గడ్డికి మారేకొద్దీ లోపలి కాపురం మారిపోతుంది. ముసలి కుందేలు పొట్టలో ఉండే జనాభా వేరు, నెల పిల్ల పొట్టలో జనాభా వేరు. ఇందులో వయసు వల్ల వచ్చే మార్పెంత, తిండి వల్ల వచ్చే మార్పెంత? మా సార్ ఇచ్చిన ప్రశ్న అదే. అందుకని నెల రోజుల వయసులో తల్లినుంచి వేరుచేసిన పిల్లల్ని సగం బోనుల్లో గడ్డి మీదా, సగం బోనుల్లో మొక్కజొన్న పిండి ఎక్కువగా ఉండే దాణా గుళికల మీదా పెంచాం. పోల్చి చూడటానికి కొన్ని ముసలి కుందేళ్లను కూడా అలాగే ఉంచాం. పదిహేను రోజులకోసారి పెంటికలు తీయాలి. గడ్డి బోనుల్లోకి గుళిక పోకూడదు, గుళిక బోనుల్లోకి గడ్డిపరక పోకూడదు. షెడ్డుకు ఉన్న ఒకే ఒక్క శాస్త్రం అది.

ఆ శాస్త్రాన్ని మాకందరికంటే బాగా కాపాడిన మనిషి ఖాసిం చాచా. షెడ్డు సహాయకుడు. కాంట్రాక్టు మీదే పంతొమ్మిదేళ్లుగా ఉన్నారు. మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్ల వెనక ఇల్లు. పొట్టి మనిషి, గడ్డానికి గోరింట రంగు. బోను తలుపు తీసే ముందు చిన్నగా దగ్గేవారు. ఆ దగ్గు వినగానే షెడ్డంతా చెవులు నిక్కబొడుచుకునేది. నన్ను చూసి మొదటి రోజే నవ్వారు.

"గింత మెల్లగ మాట్లాడితే ఎట్ల బేటీ? గంతంత చెవులున్న కుందేలుకు సుత ఇనబడ్తలేదు నీ మాట."

నవ్వొచ్చింది నాకు కూడా. ఎవరైనా నా గొంతు గురించి అంటే నాకు ఏడుపు వస్తుంది. ఆయన అన్నప్పుడు రాలేదు. ఎందుకో తెలియదు.

షెడ్డు చివర, ప్రయోగంతో సంబంధం లేకుండా, ఒక ముసలి తల్లి కుందేలు ఉండేది. బూడిద రంగు. కాన్పులు అయిపోయాయి కాబట్టి పంపించేస్తామంటే చాచానే సార్‌ను బతిమాలి ఉంచుకున్నారు. దానికి బేగం అని పేరు పెట్టారు. "బేగం సాబ్‌కు ఇయ్యాల నఖరాలు ఎక్కువైనయ్, మొకం సుత చూపిస్తలేదు" అనేవారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్తూ షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టేవారు. తిరిగొస్తూ మసీదు ఆవరణలో పెరిగిన గరిక ఒక గుప్పెడు కోసుకొచ్చి, తడి ఆరేదాకా నీడన పరిచి, అప్పుడు బేగంకు వేసేవారు. బయటినుంచి ఏది వచ్చినా రిజిస్టర్లో రాయాలని నియమం. బేగం ప్రయోగంలో లేదు కాబట్టి చాచా అది రాయలేదు. ఆయన చేసిన తప్పు అంతే. అంతే అని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఆ చిన్న తప్పునే పట్టుకుని నేను ఒడ్డెక్కాను.

ఇక నా సంగతి.

ఆరో బోనులో మూడు పిల్లలు. బేగం చివరి కాన్పువి. గుళికల మీద పెరుగుతున్నవి. తల్లినుంచి వేరుచేసిన రెండో వారంలో వాటికి విరేచనాలు పట్టుకున్నాయి. పీచు లేని తిండి తిన్న చిన్న పిల్లలకు అది తెలిసిన జబ్బే. ఒకటి చచ్చిపోయింది. మిగిలిన రెండూ మూలకు ముడుచుకుని పళ్లు నూరుతున్నాయి. కుందేలు నొప్పి పుడితే అరవదు. పళ్లు నూరుతుంది. దగ్గరగా చెవి పెడితేనే వినిపిస్తుంది. అరవలేని ప్రాణి కాబట్టి నాకు దాని మీద అంత ప్రేమ అనుకునేదాన్ని.

జబ్బు చేస్తే సార్‌కు చెప్పాలి. డాక్టరు వచ్చి మందు వేస్తాడు. మందు పడితే పొట్టలో సూక్ష్మజీవులన్నీ తారుమారవుతాయి కాబట్టి ఆ పిల్లలు ప్రయోగంనుంచి తప్పుకోవాలి. అప్పటికే రెండో బోను అలా పోయింది. "ఇంకో బోను పోతే మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలమ్మా" అని సార్ అని ఉన్నారు. మళ్లీ మొదట్నుంచీ అంటే ఇంకో ఆరు నెలలు.

ఆ రోజు శుక్రవారం. చాచా తాళంచెవి ఇచ్చి వెళ్లారు. ఒక పాత పుస్తకంలో చదివింది గుర్తొచ్చింది. నీరసించిన పిల్లల్ని తల్లి దగ్గర వదిలితే, దాని పెంటికలు కొరికి కోలుకుంటాయని. రెండు పిల్లల్నీ చున్నీలో చుట్టుకుని బేగం బోనులోకి వదిలాను. బేగం వాటిని వాసన చూసింది. ఒకదాని చెవి నాకింది. అవి దాని పొట్ట కిందికి దూరాయి. కాసేపటికి దాని ముందున్న ఎండుగడ్డి కొరకడం మొదలుపెట్టాయి. పెంటికలు కూడా. నేను గడియారం చూసుకుంటూ గుమ్మం దగ్గర నిలబడ్డాను. ముప్పావు గంట తర్వాత తీసి మళ్లీ ఆరో బోనులో పెట్టేశాను.

చాచా వచ్చారు. గరిక నీడన పరిచారు. ఆరో బోను ముందు ఆగారు.

"ఏం పెట్టినవ్ బేటీ? జెర హుషారుగ కనబడ్తున్నయ్."

"ఏం పెట్టలేదు చాచా."

పెట్టలేదు. నిజమే. చూశారా, నాకు ఆ విద్య అప్పటికే వచ్చు.

ఆ తర్వాత మరో పదకొండు రోజులు, చాచా గేటు దగ్గర వాచ్‌మన్‌తో కూర్చుని అన్నం డబ్బా విప్పుకునే సమయంలో, అదే పని చేశాను. పిల్లలు కోలుకున్నాయి. బొచ్చు నిగనిగలాడింది. నాకెంత సంతోషమో. ఎవరినీ అడక్కుండా, ఎవరూ చెప్పకుండా నేను చేసిన మొదటి పని అది. రెండు ప్రాణాలు కాపాడానని లోలోపల పొంగిపోయాను. జాలితోనే చేశానని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా జాలే అయితే సార్‌కు చెప్పి మందు వేయించి ఉండేదాన్ని కదా? అంత నొప్పిలో ఉన్న వాటిని ప్రయోగంలోనే ఉంచి, లెక్క తప్పకుండా, ఎవరికీ తెలియకుండా బాగుచేయాలనుకోవడం జాలేనా? కొంత జాలి ఉంది. ఆరు నెలల భయం ఉంది. సార్ గదిలోకి వెళ్లి నోరు తెరవాలంటే భయం ఉంది. ఏది ఎంతో విడదీయడం నాకు ఇప్పటికీ చేతకాలేదు.

పరీక్షల ఫలితాలు వచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఆ రోజు సార్ గదిలో నేను, ఇంకో ఇద్దరు విద్యార్థులు. గోడ మీద తెర. గడ్డి తిన్నవి ఒక రంగు చుక్కలు, గుళికలు తిన్నవి ఇంకో రంగు. చిన్న వయసువి ఒక పక్క, పెద్దవి ఇంకో పక్క. అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. రెండు చుక్కలు తప్ప. ఆరో బోనువి. రెండు నెలల పిల్లలు, గుళికల మీద పెరిగినవి. అవి గడ్డి తినే ముసలి కుందేళ్ల పక్కన వెళ్లి కూర్చున్నాయి.

చాచా ఒకసారి పెంటికలు ఏరుతూ అన్నారు, మనిషి దాస్తడు గని పెంటిక దాయదు బేటీ, తిన్నది తిన్నట్టే చెప్తది అని. తెర మీద ఆ రెండు చుక్కల్ని చూస్తుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చింది.

సార్ మొదట ఉత్సాహపడ్డారు. తర్వాత కనుబొమలు ముడిచారు. "ఇలా రాదమ్మా. ఈ వయసుకు రాదు, ఈ డైట్‌కి అసలే రాదు. ఎక్కడో లీకేజ్ ఉంది." చాచాను పిలిపించారు. చాచా గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతులు పంచెకు తుడుచుకుంటూ లోపలికొచ్చారు. కూర్చోమని ఎవరూ అనలేదు.

సార్ నావైపు తిరిగారు. చాచాను కాదు, నన్నే అడిగారు. "బయటి గడ్డి ఏమైనా షెడ్డులోకి వస్తోందా?"

అప్పుడు చెప్పి ఉండాల్సింది. సార్, ఆ పిల్లల్ని తల్లి దగ్గర పెట్టింది నేనే అని. అదీ చిన్న వాక్యమే. నోట్లో తయారుగా ఉంది కూడా. పక్కన ఇద్దరు విద్యార్థులు నన్నే చూస్తున్నారు. సార్ పెన్ను టేబుల్ మీద కొడుతున్నారు. నేను అన్నాను:

"ప్రతి శుక్రవారం చాచా గడ్డి తెస్తారు సార్."

ఆరు మాటలు. చాచా ఎప్పుడూ వినబడదని ఎగతాళి చేసిన గొంతు. ఆ రోజు మాత్రం గదిలో అందరికీ వినబడింది.

చాచా ఆశ్చర్యపోలేదు. మామూలుగానే అన్నారు. "బేగంకు ఏస్త సార్. ముసల్ది గదా. పిల్లల జోలికి పోను."

"రిజిస్టర్లో లేదే?"

"అది ప్రయోగంల లేదని రాయలే సార్."

"వేసేటప్పుడు పక్క బోన్లలో పడి ఉంటుంది."

"నా చేతులకెల్లి పరక జారలే సార్. పంతొమ్మిదేండ్లాయె."

"మరి ఎట్లా పోయింది ఖాసిం? ఆ పిల్లలే తలుపు తీసుకుని పోయి తినొచ్చాయా?"

విద్యార్థులిద్దరూ నవ్వారు. ఇది రాయకుండా దాటేద్దామని రెండుసార్లు అనుకున్నాను. నేను కూడా నవ్వాను. చప్పుడు లేకుండా, పెదవులతో. చాచా అప్పుడే నావైపు చూశారు. ఒక్కసారి. కోపంగా చూశారా? కాదు. దగ్గి బోను తలుపు తీసి, లోపలి కుందేలు ఎలా ఉందో చూసేటప్పుడు చూసే చూపు. ఆయనకు తెలుసా? పిల్లల ఒంటి మీద బేగం బూడిద రంగు వెంట్రుకలు ఏమైనా చూశారా? నా చున్నీ మీద చూశారా? ఆ చూపును ఎన్ని వందలసార్లు తలుచుకున్నానో. తెలిసీ ఊరుకున్నారంటే నేను మోయలేను. తెలియలేదంటే, ఒక మనిషి తను చేయని తప్పు ఎలా జరిగిందో అర్థంకాక, నా చేతినుంచే జారిందేమో అని తన మీద తనే అనుమానపడుతూ ఉండి ఉంటాడు. అది ఇంకా మోయలేను.

ఆ నెలాఖరుకు కాంట్రాక్టరు చాచాను షెడ్డునుంచి తీసేశాడు. వేరేచోట పని చూపిస్తానన్నాడట. వెళ్లే రోజు చాచా షెడ్డు కడిగి, పళ్లేలు బోర్లించి, తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టారు. నన్ను ఏమీ అడగలేదు.

"బేగంకు పచ్చిది పచ్చిదే ఎయ్యకు బేటీ, కడుపుబ్బుతది. జెర ఆరనిచ్చి ఎయ్యి."

తల ఊపాను. నేను చేసిందంతా అదే. ఆ రోజు డైరీ తీసి చూస్తే ఏముందో తెలుసా? "వాన. సాయంత్రం దాకా కరెంటు లేదు. అమ్మ పెసరట్లు వేసింది." ఎవరూ చూడని డైరీలో కూడా నేను ఆ సంగతి రాసుకోలేదు.

బేగంకు ఒక్క శుక్రవారం కూడా గరిక తీసుకెళ్లలేదు. భయం, ఎవరైనా చూస్తారని. షెడ్డు తలుపు చప్పుడైతే అది బోను జాలీ దగ్గరికి వచ్చేది. వచ్చింది నేనని చూసి వెనక్కి తిరిగిపోయేది. దానికి ఏమీ తెలియదనీ, కుందేలు గుర్తుపెట్టుకునేది దగ్గునూ చేతినీ మాత్రమేననీ నాకు తెలుసు. అయినా ఆ సంవత్సరం మొత్తం దాని వీపు వైపు చూడలేకపోయాను.

ఇప్పుడు అచ్చు సంగతి.

థీసిస్ రాసేటప్పుడు ఆరో బోనును ఎందుకు వదిలేశామో కారణం చూపాలి. "మేత కలిసిందని రాసెయ్, చాలు" అన్నారు సార్. ఎవరి పేరూ రాయమనలేదు. ఎవరి తప్పో రాయమనలేదు. నేను అలాగే రాశాను. చదువుకుంటే ఆ వాక్యం బోలుగా కనిపించింది. మేత కలిసింది. ఎలా కలిసింది? ఎవరైనా అడుగుతారని భయమేసింది. అప్పుడు దానికి ముందు రెండు మాటలు చేర్చాను. "సహాయకుని అజాగ్రత్తవలన." ఆ రెండు మాటలు సార్‌వి కావు. ఎవరూ నాచేత చెప్పించలేదు. గదిలో నలుగురి మధ్య అన్న మాటకు ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు. ఇది ఇంట్లో, నా బల్ల ముందు, తీరిగ్గా, పక్కన టీ పెట్టుకుని రాసిన మాట. వాక్యం ఇప్పుడు బాగా కుదిరిందనుకున్నాను కూడా. నల్ల అట్ట, బంగారు రంగు అక్షరాలు. ఒక ప్రతి కాలేజీ లైబ్రరీలో ఉంది. ఒకటి మా అమ్మ బీరువాలో, పట్టుచీరల మీద ఉంది.

ఆ మధ్య వాచ్‌మన్ కనిపిస్తే అడిగాను. చాచాను ఏదో ఆసుపత్రి పార్కింగులో వేశారని, బండ్లకు చీటీలు ఇస్తున్నారని చెప్పాడు. ప్రాణమున్న దాని ఒంటి మీద చెయ్యి వేసి దాని జబ్బు చెప్పగలిగిన మనిషి. నేను బేగంపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. మందుల డబ్బాల్లో మడిచిపెట్టే కాగితం ఉంటుంది చూడండి, అందులో తప్పులు లేకుండా చూడటం నా పని. ఒక్క అక్షరం తేడా వచ్చినా పట్టుకుంటానని నాకు మంచి పేరు. మెట్రోలో వస్తూ పోతూ రెండుసార్లు మెట్టుగూడకు టికెట్టు తీసుకున్నాను. రెండుసార్లూ స్టేషను మెట్లు దిగి, కింద చెరుకురసం బండి దాకా వెళ్లి, ఎవరిని ఏమని అడగాలో తెలియక తిరిగొచ్చాను. రైల్వే క్వార్టర్ల వెనక, ఖాసిం అని అడిగితే ఎవరైనా చెబుతారు. అడగడానికి అంత కష్టమేముంది? కష్టం అడగడంలో లేదు. తలుపు తెరుచుకున్నాక ఉంది.

ఇలాగే బతుకంతా గడిపేసేదాన్నేమో. గడపడం వచ్చేసింది కూడా. పోయిన వారం ఒక అమ్మాయి ఫోన్ చేసింది. అదే షెడ్డులో ఇప్పుడు ఎమ్మెస్సీ చేస్తోంది. కరీంనగర్ వైపు పిల్ల. నా నంబరు సార్ ఇచ్చారట. నా ప్రయోగాన్నే మళ్లీ చేస్తున్నారట.

"అక్కా, మీ ఆరో బోను గురించి అడుగుదామని. అందుల గడ్డి కలిసిందని రాసిండ్రు గదా. ఏ గడ్డి, ఎంత పడ్డదో జెర యాదికి తెచ్చుకుంటరా?"

"గుర్తు లేదు," అన్నాను.

"ఇనబడ్తలేదక్కా, జెర గట్టిగ."

"గుర్తు లేదమ్మా."

ఆమె నవ్వింది. మంచి పిల్ల. ఊరికే కబురు చెబుతున్నట్టు అంది. "మా దగ్గర ఎవ్వల చేతులకెల్లి ఏం జారినా 'ఖాసిం పని' అంటరక్కా. దాణా ఒలికితే ఖాసిం పని, తాళం మర్చిపోతే ఖాసిం పని. కొత్తగ అటెండర్ వస్తే మీ పుస్తకంల ఆ పేజీ చూపిస్తరు, గిట్ల చెయ్యొద్దని. ఆయనెవరో మాకెవ్వలకు ఎర్కలేదు. మీరు చూసిండ్రా ఆయన్ని?"

చూశానన్నాను. ఫోన్ పెట్టేశాను.

పంతొమ్మిదేళ్లు ఒక పరక కూడా జారనివ్వని చేతులు. వాటి పేరు ఇప్పుడు ఆ షెడ్డులో జారిపోయిన ప్రతిదానికీ పేరు. చాచాను పంపించేశారనే ఇంతకాలం బాధపడ్డాను. ఆయన వెళ్లిపోయాక కూడా ఆ షెడ్డులో ఆయన్ని రోజూ నిలబెట్టి తిడుతున్నారనీ, తిట్టేవాళ్ల చేతిలో ఉన్నది నా పుస్తకమేననీ నాకు తెలియదు. నా రెండు మాటలు అక్కడ ఇంకా పనిచేస్తున్నాయి.

నాలుగు రోజులు ఏమీ చేయలేదు. ఇది కూడా ఒప్పుకోవాలి. ఆఫీసుకు వెళ్లాను, వచ్చాను. ఐదో రోజు పాత డైరీ తీసి, వాన, కరెంటు, పెసరట్లు అని ఉన్న పేజీలో, మిగిలిన ఖాళీలో జరిగింది రాశాను. ఖాళీ సరిపోలేదు. అందుకే ఇది రాయడం మొదలుపెట్టాను, మీకు. సగం దాకా రాశాక ఒక సంగతి తెలిసింది. పేరు లేకుండా, ఎవరో తెలియని మీకు చెప్పడం నాకు తేలిక. ఇది కూడా చప్పుడు లేకుండా నవ్వడం లాంటిదే కాదా?

కలం పక్కన పెట్టి ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. కిటికీ దగ్గర నిలబడి చెప్పాను. వంటింట్లో అమ్మ గ్రైండర్ ఆపేసింది. వింటోందని తెలిసినా ఆగలేదు.

"ఆరో బోనులోకి గడ్డి పోలేదు. ఆ బోనులో పిల్లలే గడ్డి దగ్గరికి పోయాయి. వాటిని పన్నెండు రోజులు తల్లి బోనులో పెట్టింది నేను. రోజుకు ముప్పావు గంట. అవి తల్లి పెంటికలు తిన్నాయి, దాని గడ్డి తిన్నాయి. ఖాసిం చాచాకు తెలియదు. సార్‌కూ తెలియదు. అజాగ్రత్త అని రాసింది నేనే."

ఆమె మెల్లగా అంది. "మరి పుస్తకంల అట్ల ఎందుకు రాసిండ్రక్కా?"

ఆ ఎందుకుకే ఇన్ని పేజీలు రాశాను. ఫోన్‌లో ఒక్క మాటే వచ్చింది. "భయపడి."

"ఆయనకు చెప్పిండ్రా?"

"లేదు."

పరవాలేదక్కా అంటుందేమోనని ఒక్క క్షణం ఎదురుచూశాను. ఆ ఎదురుచూపుకు కూడా సిగ్గేసింది. అనలేదు. అనకపోవడమే సరి. అది ఆమె చేతిలో ఉన్న మాట కాదు. చాచా చేతిలోది. ఆయన ఇవ్వకపోవచ్చు. మెట్టుగూడ మెట్లు దిగి ఆ బండి దాటి ముందుకు వెళ్లే ధైర్యం నాకు వచ్చిందో లేదో కూడా ఇంకా తెలియదు. వచ్చిందని రాయను. ఇక మీదట జరగనిదాన్ని రాయను.

కాగితం తిప్పిన చప్పుడైంది. "నేను షెడ్డు రిజిస్టర్ల రాస్కోవాలె అక్కా. సార్‌కు సుత చూపించాల్సొస్తది."

"చూపించు."

"ఎవరు చెప్పిండ్రని రాయాలె?"

నా పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా. మళ్లీ చెప్పమని ఆమె అడగలేదు.